వాగ్దానం ఎవరితో చెప్పింది?

డిసెంబర్ 31 రాత్రి కొమరోలు, గిద్దలూరు, మార్కాపురం వైపు చర్చీల్లో ఆరాధన అర్ధరాత్రి దాటేదాకా సాగుతుంది. చాలాచోట్ల కొత్త ఏడాదికి ఒక వాగ్దాన వచనం ఇస్తారు. కార్డు మీద అచ్చయిన ఆ మాట ఏడాది పొడవునా ఇంటి గోడ మీద ఉంటుంది. వాటిలో చాలా మటుకు పాత నిబంధనవి, అంటే యూదుల హెబ్రీ గ్రంథంలోనివి. మన తండాల్లో, ఎరుకల ఇళ్లల్లో, చెంచు గూడేల్లో క్రైస్తవులైన వాళ్లూ ఆ మాటలు నమ్ముకుని బతుకుతున్నారు. అవి మన దాకా ఎలా వచ్చాయో తెలుసుకోవడం మనకు అవసరం.

1866లో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ఒంగోలు చేరారు. మరుసటి జనవరి 1న 8 మందితో అక్కడ సంఘం మొదలైంది. ఊరూరా తిరిగి బోధించింది ఎక్కువగా మనవాళ్లే. వారిలో ముందు నిలిచినవాడు తోళ్ల వ్యాపారం చేసిన యర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ. 1876–78 కరువులో క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని కూలీలకు పని చూపించారు. తిండి కోసం మతంలో చేరారన్న మాట రాకూడదని అప్పట్లో బాప్తిస్మాలు ఆపారు. ఆ తర్వాత 1878 జూలై 3న వెలంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ గుండ్లకమ్మ మన నల్లమలలో పుట్టి, కంభం చెరువు నింపి పారే ఏరే. తర్వాత కంభంలో, మార్కాపురంలో కూడా మిషన్ కేంద్రాలు వెలిశాయి.

అబ్రాహాముకు దేవుడు ఇచ్చిన మాటలో భూమి ఉంది, సంతానం ఉంది, లోకంలోని వంశాలన్నిటికీ దీవెన ఉంది. విశ్వాసం ఉన్నవారెవరైనా, పుట్టుక ఏదైనా, అబ్రాహాము పిల్లలేనని పౌలు చెప్పాడు. క్రైస్తవ బోధకు ఆధారం ఇదే. పుట్టుకను బట్టి మనిషిని ఊరి బయట ఉంచిన చోట ఆ మాటకు ఎంత బరువు ఉండి ఉంటుందో ఊహించుకోవచ్చు.

ఎరుకలవారి దగ్గరికి ఆ మాట మరో దారిలో వచ్చింది. 1871 నాటి నేరస్థ తెగల చట్టాన్ని 1911లో మద్రాసు రాష్ట్రానికీ వర్తింపజేశారు. స్టువర్టుపురం సెటిల్మెంటును సాల్వేషన్ ఆర్మీకి, కావలి సెటిల్మెంటును బాప్టిస్టు మిషన్‌కు అప్పగించారు. హాజరు వేయించుకోవాలి, అనుమతి లేకుండా బయటికి పోకూడదు. అక్కడ బడి వచ్చింది, పని వచ్చింది, కంచె కూడా వచ్చింది. దేవుని వాగ్దానం చెప్పిన చేతిలోనే హాజరు పట్టీ ఉంది. ఆ చట్టం 1952లో రద్దయింది గాని, ముద్ర అంత తొందరగా చెరగలేదు.

కార్డుల మీద తరచు కనిపించే వచనం యిర్మీయా 29:11. మీకు మేలు చేసే ఆలోచనలే నావి అన్నది దాని సారం. అది పరీక్షకో, ఉద్యోగానికో ఒక మనిషితో చెప్పిన మాట కాదు. క్రీ.పూ. 597లో బబులోనుకు చెరపట్టుకుపోయిన ప్రజలకు రాసిన ఉత్తరంలోది. దానికి ముందు వచనంలోనే 70 ఏళ్లు ఆగాలని ఉంది. అంతకు పైన, ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటండి, ఉన్న పట్టణం క్షేమం కోరండి అని ఉంది. విన్నవాళ్లలో చాలామంది తిరుగు ప్రయాణం చూడలేదు. ఆ మాట వాళ్ల పిల్లల కోసం, మనవల కోసం.

ఇంకో ప్రశ్న మనం దాటవేయకూడదు. వాగ్దాన దేశం ఖాళీగా లేదు. అక్కడ కనానీయులు ఉన్నారు. అడవి మాదే అని ఎవరో వచ్చి చెప్పగా విన్న చెంచు బిడ్డ ఆ కథలో తనను ఇశ్రాయేలు వైపు చూసుకోవాలా, కనాను వైపా? అయితే అదే గ్రంథంలో భూమి దేవునిదని, మీరు పరదేశులని ఇశ్రాయేలుకే చెప్పిన మాట లేవీయకాండంలో ఉంది. వాగ్దానం పొందినవాడికీ హద్దు ఉందన్నమాట.

ఉపాధ్యాయులు ఒక పని చేయించవచ్చు. పిల్లలు ఇంటి గోడ మీది వచనం రాసుకుని రావాలి. ఆ అధ్యాయం మొత్తం చదివి, ఎవరు, ఎవరితో, ఏ కష్టంలో చెప్పారో పక్కన రాయాలి. తమ గూడేనికి బోధ ఎప్పుడు వచ్చిందో, ఎవరు తెచ్చారో, అంతకుముందు పెద్దలు ఎవరికి మొక్కేవారో అవ్వతాతలను అడిగి రాయాలి. ఆ రెండో పుట మన తరఫున ఇంకెవరూ రాయరు.