విజయనగర సంస్థాన ఉద్యాన భవనాలు: పేరు, సౌకర్యం, పునరుద్ధరణ

ఉపోద్ఘాతం

సంస్థానాల చరిత్ర అనగానే కోట, యుద్ధం, ఆస్థాన కవి మన పరిశోధనలో ముందుకు వస్తారు. బొబ్బిలి యుద్ధం (1757), పద్మనాభ యుద్ధం (1794) పొందినంత శ్రద్ధను, ఆ రాజవంశాలవారు విశ్రాంతికీ అతిథి సత్కారానికీ కట్టించుకొన్న తోట భవనాలు పొందలేదు. భోగాపురం వద్ద అల్లూరి సీతారామరాజు అంతర్జాతీయ విమానాశ్రయానికి 2023 మే 3న శంకుస్థాపన జరిగింది. రాకపోకలు పెరిగే చోట పాత భవనాలను విలాసవంతమైన విడిదులుగా మార్చాలన్న ఆలోచన కలగడం సహజం. అందువల్ల ఇటువంటి భవనంలో కాపాడవలసినది ఏది అన్న ప్రశ్నను ముందుగానే విచారించుకోవాలి. గోడలూ గదులూ మాత్రమే కాక తోట, నీరు, సేవకుల శ్రమ కూడా భవనంలో భాగమేనని నిరూపించడం ఈ వ్యాస ఉద్దేశం.

పేర్ల సాక్ష్యం

విజయనగరం కోట 1713లో వెలసిందని ప్రసిద్ధి. విజయరామరాజు పేరు, విజయ నామ సంవత్సరం, విజయదశమి, జయవారమైన మంగళవారం మొదలైన 'విజయాల' కలయికను ఆ పేరుకు కారణంగా చెబుతారు. కోట పేరులో జయఘోష ఉంది. తోట భవనాల పేర్లు ఇందుకు భిన్నమైనవి. 'ఫూల్‌బాగ్' అంటే పూలతోట. అక్కడ తోట పేరే మేడకు పేరైంది. 'అలకనంద' హిమాలయ నది పేరు. వినగానే కుబేరుని అలకాపురి కూడా స్ఫురిస్తుంది. విశాఖ సముద్రతీరాన జయపురం ప్రభువులు కట్టించిన 'హవామహల్' గాలి మేడ. హైదరాబాదులోని 'ఫలక్‌నుమా'కు ఆకాశ దర్పణమని అర్థం. వీటిలో ఒక్కటీ రాజు పేరు మోయలేదు. పువ్వు, నీరు, గాలి, ఆకాశం అన్నవే ఈ భవనాలకు గుర్తింపునిచ్చాయి. కట్టించినవారి దృష్టిలో పరిసరం భవనానికి అలంకారం మాత్రమే కాదు, భవన నిర్మాణానికి ప్రయోజనమే అదని ఈ పేర్లు సూచిస్తున్నాయి.

సౌకర్యం కొత్తది కాదు

పాత భవనంలో ఆధునిక సదుపాయం చేరితే ప్రాచీనత చెడుతుందన్న అభిప్రాయం ఒకటి ఉంది. విజయనగరం కట్టడాలు దీనిని సమర్థించవు. ఫూల్‌బాగ్ పక్కన ఉన్న ఔద్‌ఖానా రాజు స్నానానికే ప్రత్యేకించిన ఎనిమిది పలకల రాతి కట్టడం. దాని శిఖరాన నీటితొట్టె, అక్కడికి చేరడానికి మెలికల మెట్లు ఉన్నాయి. పక్కనున్న బావి నీటిని యంత్రసాయంతో ఆ తొట్టెకు ఎక్కించేవారు. అతిథి గృహంగా నిర్మించిన అలకనంద సమీపంలో సొంత విమానాలలో వచ్చే అతిథుల కోసం విమానాలు దిగే బాట కూడా ఏర్పరచారు. ఈ ప్రభువులు తమ కాలానికి అందిన కొత్త యంత్రాన్నల్లా ఇంటికి తెచ్చుకొన్నారు. కాబట్టి సౌకర్యం ఈ భవనాల స్వభావంలోనే ఉంది. అయితే ఆ సౌకర్యం వెనుక తోటమాలి, వంటవాడు, నీటి ఏర్పాట్లు చూసే పనివాడు ఉన్నారు. పునరుద్ధరణలో రాజుగారి గదికి దక్కే శ్రద్ధ వారు పనిచేసిన వంటశాలకూ బావిగట్టుకూ దక్కకపోతే చరిత్ర సగమే మిగులుతుంది.

నిలిచిన రెండు తీరులు

1948 నాటి మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టంతో జమీందారీ రాబడి ఆగింది. రాబడి లేని భవనం నిలవాలంటే కొత్త పని వెతుక్కోవాలి. విజయనగరంలో ఆ పని ప్రజా సంస్థల రూపంలో దొరికింది. పి.వి.జి. రాజు 1958లో నెలకొల్పిన మాన్సాస్ ద్వారా కోట విద్యాలయాలకు నెలవైంది. కోరుకొండ రాజభవనంలో 1962లో సైనిక పాఠశాల ఆరంభమైంది. అలకనంద ఆంధ్రప్రదేశ్ ప్రత్యేక పోలీసు ఐదవ పటాలానికి కేంద్రమైంది.

ఫలక్‌నుమా మార్గం వేరు. 1884లో వికారుల్ ఉమ్రా ప్రారంభించిన ఆ భవనం 1897 ప్రాంతంలో ఆరవ నిజాం వశమైంది. 20వ శతాబ్ది ఉత్తరార్ధంలో చాలాకాలం మూతపడి, దాదాపు పదేళ్ల పునరుద్ధరణ తరువాత 2010లో తాజ్ సంస్థ హోటలుగా తెరుచుకొంది. అక్కడ దీపాలు, చెక్కపని, నూట ఒక్కరు కూర్చునే భోజనపు బల్ల పూర్వశోభను పొందాయి. కానీ దానిని చూడడం ఖర్చు భరించగలవారికే సాధ్యం. కోరుకొండలో సామాన్య కుటుంబపు పిల్లవాడు సైతం రాజభవనంలో చదువుకొన్నాడు. అయితే సంస్థ అవసరాలు భవనాన్ని తమకు అనువుగా మలచుకోక తప్పదు. మొదటి తీరు రూపాన్ని కాపాడింది, రెండవది ప్రవేశాన్ని విస్తరించింది. ఒకదానిని ఆదర్శంగా, మరొకదానిని లోపంగా చూడడం సరికాదు.

రెండు తీరులలోనూ ముందుగా ప్రమాదంలో పడేది తోట. గోడ శిథిలమైనా ఆనవాలు మిగులుతుంది. నీరందని తోట కొన్ని వేసవులలోనే కనుమరుగవుతుంది. చారిత్రక ఉద్యానాల కోసం 1981లో ఫ్లోరెన్సులో రూపొందిన నియమావళి, భవనానికి అనుబంధంగా ఉన్న తోటను దాని నుంచి విడదీయరాని భాగంగా పరిగణించింది. ఫూల్‌బాగ్ అన్న పేరు చెబుతున్నదీ ఇదే.

ముగింపు

ఉద్యాన భవన పునరుద్ధరణకు కొలమానం గదిలోని చల్లదనమో, పాలరాతి మెరుపో కారాదు. బావి, కాలువ, పాత చెట్టు, పనివారి ఇండ్ల వరుస ముందుగా నమోదు కావాలి, తరువాతే మరమ్మతు. ఇందులో తెలుగు శాఖలకు ప్రత్యేక బాధ్యత ఉంది. ఈ భవనాలలో పనిచేసిన కుటుంబాల నోట మొక్కల పేర్లు, గదుల పేర్లు, వంటశాల మాటలు, నీటి పనిముట్ల పేర్లు ఏ మేరకు మిగిలాయో సేకరించడం వాస్తుశిల్పి పని కాదు, మనది. ఆ మాటలు పోయిన తరువాత మేడను ఎంత అందంగా నిలబెట్టినా, అందులో ఎవరు ఎలా బతికారో చెప్పే ఆధారం మిగలదు.