సెకండ్ హ్యాండ్ కారు ఇంజిన్‌లో వింత శబ్దాలా? ఈ ఒక్క సౌండ్ వస్తే మాత్రం వెంటనే బండి ఆపేయండి!

నరసరావుపేటలో ట్రయల్ వేసినప్పుడు కారు బాగానే ఉంటుంది. కొన్నాక మండుటెండలో మాచర్ల దాకా వెళ్తే ఇంజిన్‌లోంచి ఏదో శబ్దం మొదలవుతుంది. పల్నాడులో, అందులోనూ రెంటచింతల వైపు ఎండలు ఎలా ఉంటాయో తెలిసిందే. ఇంజిన్ బాగా వేడెక్కితే ఆయిల్ పల్చబడుతుంది. అప్పటిదాకా దాగి ఉన్న అరుగుదల అప్పుడే బయటపడుతుంది. అందుకే ఎలాంటి శబ్దం అన్నదే కాదు, ఎప్పుడు వస్తోందన్నదీ ముఖ్యమే.

టక్ టక్ టక్: పైభాగం నుంచి సన్నగా వస్తూ, రేస్ ఇస్తే వేగం పెరిగితే ట్యాపెట్ల సౌండ్ కావొచ్చు. ముందు ఆయిల్ చూడండి. బండిని చదునైన చోట ఆపి, ఐదు పది నిమిషాలయ్యాక డిప్ స్టిక్ తీయండి. ఆయిల్ రెండు గుర్తుల మధ్య ఉండాలి.

కీచుమనే శబ్దం: స్టార్ట్ చేయగానే లేదా ఏసీ వేయగానే వస్తే బెల్ట్ వదులైందని, అరిగిందని అనుమానించాలి. పగుళ్లుంటే మార్చేయండి. బెల్ట్ తెగితే బ్యాటరీ ఛార్జింగ్ ఆగిపోతుంది. కొన్ని కార్లలో వాటర్ పంప్ కూడా ఆగి ఇంజిన్ హీటెక్కిపోతుంది.

ఉదయం గరగర: చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసిన కొన్ని సెకన్లే వస్తే టైమింగ్ చైన్ లేదా దాని టెన్షనర్ చెక్ చేయించాలి. 2020కి ముందు వచ్చిన స్విఫ్ట్, డిజైర్ 1.3 లీటర్ డీజిల్ ఇంజిన్లలో ఉండేది బెల్ట్ కాదు, చైనే. చైన్ పళ్లు తప్పితే వాల్వులు పిస్టన్లకు తగిలి ఇంజిన్ దెబ్బతింటుంది.

గలగల: కింద నుంచి రేకు అదిరినట్టు వస్తే సైలెన్సర్ క్లాంపు, హీట్ షీల్డ్ చూడండి. చాలాసార్లు బోల్టు బిగిస్తే సరిపోతుంది.

దడ్ దడ్: అసలు భయపడాల్సింది దీనికే. ఇంజిన్ అడుగు నుంచి సుత్తితో కొట్టినట్టు బరువుగా వస్తూ, వేడెక్కేకొద్దీ పెరిగితే కనెక్టింగ్ రాడ్ బేరింగ్ అరిగి ఉండొచ్చు. ఎర్రటి ఆయిల్ లైట్ కూడా వెలిగితే ఒక్క కిలోమీటరు కూడా నడపొద్దు. "ఊరు చేరాక చూద్దాంలే" అనుకుంటే బేరింగ్‌తో పోయేది క్రాంక్ షాఫ్ట్ దాకా వస్తుంది, ఇంజిన్ సీజ్ కావొచ్చు. కారు కొన్న డబ్బులో సగం రిపేరుకే పెట్టాల్సి రావొచ్చు. టోయింగ్ ఖర్చే నయం.

కొనేముందు ఇలా చేయండి: బండి చూడ్డానికి వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి. అప్పటికే వేడిగా ఉంటే చల్లారేదాకా ఆగండి. ముందే స్టార్ట్ చేసి ఉంచితే ఉదయం వచ్చే సౌండ్ మీకు వినిపించదు. చల్లగా ఉన్నప్పుడు ఒకసారి, అరగంట నడిపాక మరోసారి బానెట్ ఎత్తి ఫోన్‌లో వీడియో తీయండి. ఆ రెండు వీడియోలూ మీకు నమ్మకమున్న మెకానిక్‌కు వినిపించి, బండి కూడా చూపించాకే అడ్వాన్స్ ఇవ్వండి.