అర్జీ, ఒప్పందం: సైబరాబాద్ నీడలో శాంతి ప్రయత్నాలు, కొత్త ప్రభుత్వాల మీద ఆశలు

2004 అక్టోబర్‌లో శాంతి చర్చలకు నల్లమల అడవి నుంచి బయటికొచ్చిన మావోయిస్టు, జనశక్తి పార్టీల ప్రతినిధులకు రాష్ట్ర ప్రభుత్వం హైదరాబాద్‌లోని మంజీర అతిథిగృహంలో బస ఇచ్చింది. వాళ్లున్నన్నాళ్లూ ఆ గేటు దగ్గర జనం బారులు తీరారు. ఒకరిది భూమి తగాదా, ఇంకొకరిది పోలీసుల మీద ఫిర్యాదు. లోపలున్నది సర్కారు కాదని, సర్కారుతో మాట్లాడటానికి వచ్చినవాళ్లని జనానికి తెలుసు. తెలిసే ఇచ్చారు కాగితాలు. పంతొమ్మిదేళ్ల తర్వాత, 2023 డిసెంబర్ 8న, బేగంపేటలో అలాంటి బారులే మళ్లీ కనిపించాయి. ముందురోజే, అప్పటిదాకా ముఖ్యమంత్రి నివాసమైన ప్రగతిభవన్ చుట్టూ ఉన్న ఇనుప కంచెను తెలంగాణ కొత్త ప్రభుత్వం పీకించి, ఆ భవనానికి జ్యోతిరావు ఫూలే ప్రజాభవన్ అని పేరు పెట్టింది. అక్కడ మొదలైన ‘ప్రజాదర్బార్’కు తెల్లవారుతూనే జనం చేరారు. మళ్లీ అర్జీలే.

తెలుగునాట కొత్త ప్రభుత్వం మీద ఆశ ఎప్పుడూ అర్జీ రూపంలోనే బయటపడుతుంది. అర్జీని తీసుకోవడం ఏలినవారి దయ, తీర్చడం ఇంకా పెద్ద దయ. శాంతి కోసం పనిచేసిన పౌర బృందాలు పాతికేళ్లకు పైగా చేసిన ప్రయత్నం ఈ అర్జీని ఒప్పందంగా మార్చడానికేనని, అవి ఓడిపోయిందీ అక్కడేనని ఈ వ్యాసం ప్రతిపాదన. దీన్ని పరీక్షించడానికి సైబరాబాద్‌ను ఎంచుకోవడానికి కారణం ఉంది. ఒప్పందమనే మాట ప్రభుత్వ భాషలో బాగా చెలామణీ అయింది ఆ నేల మీదే.

సంతకాల సీమ

మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ను అప్పటి ప్రధాని వాజపేయి 1998 నవంబర్ 22న ప్రారంభించారు. 1999 జనవరిలో విజన్ 2020 పత్రం వెలువడింది. 2001లో సుమారు 52 చదరపు కిలోమీటర్ల మేర సైబరాబాద్ డెవలప్‌మెంట్ అథారిటీ ఏర్పడింది. మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ, రాయదుర్గం, ఖాజాగూడ అప్పటిదాకా రాళ్ల గుట్టలూ కుంటలూ కంచెలూ ఉన్న ఊళ్లు. సంస్థ వస్తే అవగాహనా ఒప్పందం, భూమి కేటాయింపు, రోడ్డు, కరెంటు, రాయితీ: అన్నీ కాగితం మీద, గడువులతో, ఎవరు ఏం చేయాలో రాసి. ఆ పద్ధతిని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. ఈ రాష్ట్రానికి ఒప్పందం రాయడం రాదని ఎవరూ అనలేరని చెప్పడమే ఉద్దేశం.

అదే కాలంలో, అదే రాష్ట్రంలో, కరీంనగర్, వరంగల్ పల్లెల్లో ఎన్‌కౌంటర్లు, మందుపాతరలు, ఇన్‌ఫార్మర్ల పేరిట హత్యలు నిత్యకృత్యంగా ఉన్నాయి. ఈ రెండు లోకాల మధ్య ఒక వంతెన లాంటిది గచ్చిబౌలిలోనే ఉంది. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో రాజనీతిశాస్త్రం బోధించిన జి. హరగోపాల్, అర్థశాస్త్రం బోధించిన డి. నరసింహారెడ్డి ఇద్దరూ 1997లో ఏర్పడిన పౌర స్పందన వేదికలో సభ్యులు. సైబరాబాద్ వెలుస్తున్నప్పుడు దాని అంచునే పాఠాలు చెప్పినవాళ్లు ఆ పల్లెలకు తిరిగి వెళ్లి చావుల లెక్క అడిగారు.

వేదిక పని తీరు

వేదికకు కన్వీనర్ ఎస్.ఆర్. శంకరన్. ఆయన్ను తలచుకోవాలంటే 1987 డిసెంబర్‌కు వెళ్లాలి. తూర్పుగోదావరి మన్యంలో గుర్తేడు దగ్గర పీపుల్స్‌వార్ దళం బందీలుగా పట్టుకున్న ఐఏఎస్ అధికారుల్లో ఆయనా ఒకరు. జైల్లో ఉన్న కొందరు నక్సలైట్లను ఎన్టీఆర్ ప్రభుత్వం వదిలిపెట్టాక ఆ అధికారులు బయటపడ్డారు. తనను బందీ చేసినవాళ్ల పక్షానికీ, తాను జీవితమంతా పనిచేసిన ప్రభుత్వానికీ మధ్య నిలబడటానికి పదేళ్ల తర్వాత అదే మనిషి ముందుకొచ్చారు. వెట్టిచాకిరీ నిర్మూలనకు, దళితుల సంక్షేమానికి సర్వీసులో చేసిన కృషి వల్ల పల్లెల్లో ఆయనకు మాట చెల్లేది. 2005లో ఇచ్చిన పద్మభూషణ్‌ను వద్దన్నారు.

పాత్రికేయుడు పొత్తూరి వెంకటేశ్వరరావు కూడా వేదికలో ఉన్నారు. వీళ్లెవరూ ఏ పక్షానికీ దూతలు కారు. ఇక్కడ ఒక తేడా గుర్తించాలి. 2002లో పీపుల్స్‌వార్ తన తరఫున మాట్లాడటానికి వరవరరావును, గద్దర్‌ను ప్రతినిధులుగా నియమించింది. 2004లో వారితో పాటు కల్యాణరావు చేరారు. ప్రతినిధి ఒక పక్షం మాట మోస్తాడు. వేదికకు మాత్రం మోయడానికి ఎవరి మాటా లేదు. పోలీసు కాల్చినా, దళం చంపినా, చనిపోయినవాళ్ల ఇంటికి వెళ్లడం, ఇరుపక్షాలకూ విడివిడిగా లేఖలు రాయడం, ఆ లేఖల్లో ఇద్దరినీ ఒకే ప్రమాణంతో నిలదీయడం దాని పని. హక్కుల ఉద్యమం రాజ్య హింసనే కాక ఉద్యమకారుల హింసనూ చూడాలన్న వాదనతో కె. బాలగోపాల్ 1998లో మానవ హక్కుల వేదిక పెట్టడం కూడా ఇదే వాతావరణంలో జరిగింది. ఈ వైఖరి వల్ల ఇద్దరికీ కోపమే మిగిలింది. మధ్యవర్తి బతుకు ఎక్కడైనా అంతే.

2002 వేసవిలో మొదలైన తొలి చర్చలు కొద్ది వారాలకే చెడిపోయాయి. 2003 అక్టోబర్ 1న అలిపిరిలో ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడి కారు కింద పీపుల్స్‌వార్ పెట్టిన మందుపాతర పేలింది. ఆయన బతికి బయటపడ్డారు, తర్వాత శాసనసభ రద్దయింది. అంతకు ముందే చేవెళ్ల నుంచి ఇచ్ఛాపురం దాకా పాదయాత్ర చేసిన వై.ఎస్. రాజశేఖరరెడ్డి నక్సలైట్లతో చర్చలు జరుపుతామని చెప్పారు. 2004 ఎన్నికల్లో 294 స్థానాల్లో కాంగ్రెస్‌కు 185, తెలుగుదేశానికి 47 వచ్చాయి.

మే 14న ప్రమాణం చేస్తూనే వై.ఎస్. రైతులకు ఉచిత విద్యుత్తు ఫైలు మీద తొలి సంతకం పెట్టారు. ఆ హామీకి శాఖ, బడ్జెట్టు, బకాయిల రద్దు ఉత్తర్వు ఉన్నాయి. శాంతి హామీకి ఏముంది? పీపుల్స్‌వార్‌పై నిషేధాన్ని జూలైలో పొడిగించకుండా వదిలేశారు. పోలీసులు కూంబింగ్ తగ్గించారు. సాయంత్రాలు పల్లెల్లో సభలు జరిగాయి. ఇవన్నీ జరిగింది ఒక మనిషి మాట మీద. ఆ మాట మారితే అన్నీ మారతాయని శంకరన్ బృందానికి తెలుసు. అందుకే కాల్పుల విరమణకు నియమావళి ఉండాలని, అతిక్రమణలను చూసే యంత్రాంగం ఉండాలని పట్టుబట్టారు. ఇది గాల్లో మేడ కట్టడం కాదు. నాగా సంస్థతో కేంద్ర ప్రభుత్వం 1997లో చేసుకున్న కాల్పుల విరమణకు నియమాలున్నాయి, పర్యవేక్షక బృందం ఉంది. సైబర్ టవర్స్ ప్రారంభమైన 1998లోనే ఉత్తర ఐర్లాండ్ గుడ్ ఫ్రైడే ఒప్పందాన్ని ప్రజల ముందు పెట్టి ఓటు వేయించుకుంది.

అక్టోబర్ 15 నుంచి 18 దాకా జరిగిన చర్చల్లో ప్రభుత్వం వైపు హోంమంత్రి కె. జానారెడ్డి, పీపుల్స్‌వార్ అప్పటికే విలీనమైన మావోయిస్టు పార్టీ వైపు రామకృష్ణ, సుధాకర్, గణేశ్, జనశక్తి వైపు అమర్, రియాజ్ కూర్చున్నారు. ప్రజాస్వామిక హక్కులు, భూమి, తెలంగాణ అన్నీ ఎజెండాలో ఉన్నాయి. పీటముడి పడింది ఆయుధాల దగ్గర. దళాలు పల్లెల్లోకి ఆయుధాలతో రాకూడదని ప్రభుత్వం, అది తమ ఉనికికే సంబంధించిన అంశమని మావోయిస్టులు. విరమణ గట్టి ఒప్పందంగా మారకుండానే తొలి విడత ముగిసింది. రెండో విడత జరగనే లేదు. 2005 జనవరిలో ఎన్‌కౌంటర్లు, ఆ వెంటనే చర్చల నుంచి మావోయిస్టుల వైదొలగింపు. జూలైలో రియాజ్ ఎన్‌కౌంటర్‌లో చనిపోయాడన్నారు. ఆగస్టు 15న నారాయణపేటలో మక్తల్ ఎమ్మెల్యే చిట్టెం నర్సిరెడ్డిని, ఆయన కుమారుడిని, మరికొందరిని మావోయిస్టులు కాల్చి చంపారు. రెండు రోజుల్లో నిషేధం తిరిగొచ్చింది. విప్లవ రచయితల సంఘాన్నీ నిషేధించారు, అది కొద్ది నెలలకే వీగిపోయింది. ఇక్కడ ప్రభుత్వానిదే తప్పు అనడం తేలిక. జనం కల్పించిన అవకాశాన్ని ఆయుధం కన్నా తక్కువగా తూచిన మావోయిస్టు పార్టీకీ ఇందులో సమాన వాటా ఉందని నా అభిప్రాయం.

రెండు భూముల కథ

చర్చల్లో భూమి ప్రశ్నకు ప్రభుత్వం చూపిన జవాబు 2004 డిసెంబర్‌లో వేసిన కోనేరు రంగారావు కమిటీ. ఆ కమిటీ జిల్లాలు తిరిగి 104 సిఫారసులు చేసింది. పేదల భూమి గురించి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తయారు చేయించిన మంచి పత్రాల్లో అదొకటి. సిఫారసు మాత్రం సిఫారసే. ఎవరూ దాని మీద కోర్టుకు వెళ్లి అమలు చేయమని గట్టిగా అడగలేరు.

ఇప్పుడు రెండో భూమి. 2003 ఆగస్టులో ప్రభుత్వం ఐఎంజీ భారత అనే సంస్థతో క్రీడా శిక్షణ కేంద్రాల కోసం ఒప్పందం చేసుకుని కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాలు, మామిడిపల్లిలో 450 ఎకరాలు ఇచ్చింది. 2006లో ప్రభుత్వం దాన్ని రద్దు చేసింది. ఆ ఒప్పందం చెల్లదని తేల్చడానికి కోర్టుల్లో 2024 దాకా పట్టింది. పల్లెల్లో తుపాకులు ఆపిన మాట కొన్ని నెలల్లో ఆవిరైంది, ఒక సంస్థకిచ్చిన కాగితం పద్దెనిమిదేళ్లు కోర్టుల్లో బతికింది. కాగితానికీ మాటకూ ఈ రాష్ట్రంలో ఉన్న తేడాకు ఇంతకన్నా పెద్ద ఉదాహరణ నాకు దొరకలేదు.

ఆ 400 ఎకరాలే 2025 మార్చి 30న, ఉగాది పండగ పూట, మళ్లీ వార్తల్లోకి వచ్చాయి. తెలంగాణ పారిశ్రామిక మౌలిక సదుపాయాల సంస్థ బుల్డోజర్లు విశ్వవిద్యాలయం తూర్పు వైపు అడవిలాంటి నేలలోకి దిగాయి. అడ్డుపడిన విద్యార్థులను పోలీసులు ఎత్తి వ్యాన్లలో వేశారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు తనంతట తాను కేసు చేపట్టి చెట్ల నరికివేత ఆపింది. విద్యార్థులపై కేసులు ఎత్తివేయాలని ఉపముఖ్యమంత్రి భట్టి విక్రమార్క తర్వాత ఆదేశించారు. చేతిలో రాయి కూడా లేని పిల్లల నిరసన మీద అంత బలగం దిగింది, ప్రజాస్వామ్య పునరుద్ధరణే తమ ఏడో గ్యారంటీ అని చెప్పుకున్న ప్రభుత్వ హయాంలో.

ఐటీ కారిడార్‌లో నిరసనకు చోటే లేదన్నది ఈ సందర్భంలో చెప్పుకోవాల్సిన మాట. నగరంలో ధర్నాచౌక్ ఇందిరాపార్కు దగ్గర. 2017లో దాన్నీ ఊరవతలికి నెడితే, తిరిగి తెరిపించడానికి హైకోర్టు కలగజేసుకోవలసి వచ్చింది. 2023 సెప్టెంబర్‌లో చంద్రబాబు అరెస్టుకు నిరసనగా ఐటీ ఉద్యోగులు గచ్చిబౌలిలో రోడ్డెక్కినప్పుడు, వాళ్ల రాజకీయం మనకు నచ్చినా నచ్చకపోయినా, కారిడార్ ప్రశాంతత పేరిట ఆంక్షలు పెట్టారు. ‘ప్రశాంతత’, ‘శాంతి’ ఒకటే అన్నట్టు వాడతారు అక్కడ.

2014 నుంచి ఇప్పటిదాకా

మధ్యలో మరో కొత్త ప్రభుత్వం వచ్చింది. రాష్ట్రం రాకముందు మావోయిస్టుల ఎజెండానే తమ ఎజెండా అన్న కె. చంద్రశేఖర్‌రావు తెలంగాణ తొలి ముఖ్యమంత్రి అయ్యారు. 2015 సెప్టెంబర్‌లో వరంగల్ అడవుల్లో ఇద్దరు మావోయిస్టులు ఎన్‌కౌంటర్‌లో పోయారు. అందులో ఒకరు ఎం.టెక్. చదివిన యువతి. మాదాపూర్‌కు వెళ్లగలిగే చదువు అది. నిరసనగా పిలుపిచ్చిన ‘చలో అసెంబ్లీ’ని అరెస్టులతో అడ్డుకున్నారు. 2023 జూన్‌లో బయటపడ్డ తాడ్వాయి ఉపా (చట్టవిరుద్ధ కార్యకలాపాల నిరోధక చట్టం) కేసులో హరగోపాల్ పేరు కూడా ఉంది. గోల రేగాక ఉపసంహరించుకున్నారు. ఒకప్పుడు ప్రభుత్వం మధ్యవర్తిగా పిలిచిన మనిషి.

2025 ఏప్రిల్ 27న విశ్రాంత న్యాయమూర్తి జస్టిస్ చంద్రకుమార్, హరగోపాల్ తదితరుల శాంతి చర్చల కమిటీ ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డిని కలిసి, మావోయిస్టులపై సాగుతున్న ఆపరేషన్ కగార్‌ను ఆపేలా కేంద్రాన్ని ఒప్పించమని అడిగింది. అప్పటికి కర్రెగుట్టల్లో బలగాల గాలింపు సాగుతోంది. నక్సలిజాన్ని సామాజిక కోణంలో చూస్తామని, జానారెడ్డి సలహా తీసుకుంటామని ముఖ్యమంత్రి అన్నారు. మర్నాడే జానారెడ్డి ఇంటికి వెళ్లారు. అదే 27న ఎల్కతుర్తి సభలో కేసీఆర్ కూడా కగార్ ఆపాలన్నారు. మాటల వరకు అందరూ మంచివాళ్లే. కేంద్రం మాత్రం మావోయిస్టుల నిర్మూలనకు పెట్టుకున్న 2026 మార్చి 31 గడువు నుంచి కదల్లేదు.

ఛత్తీస్‌గఢ్ అడవిలో ఏం జరగాలో హైదరాబాద్ నిర్ణయించలేదు, నిజమే. రాజ్యాంగం ప్రకారం శాంతిభద్రతలు రాష్ట్ర జాబితాలో ఉన్నాయి గనుక తన నేల మీద చేయగలిగినవి ఉన్నాయి. ఎన్‌కౌంటర్ మరణాలపై సుప్రీంకోర్టు 2014లో పీయూసీఎల్ కేసులో 16 మార్గదర్శకాలు ఇచ్చింది: ఎఫ్ఐఆర్, స్వతంత్ర దర్యాప్తు, మేజిస్ట్రేట్ విచారణ. వాటిని ప్రతి పోలీసు స్టేషన్‌కూ వర్తించే ఉత్తర్వుగా, ఏటా శాసనసభ ముందు నివేదిక పెట్టే నియమంతో జారీ చేయడానికి ఢిల్లీ అనుమతి అక్కర్లేదు. కోనేరు రంగారావు సిఫారసుల్లో మిగిలిపోయినవాటిని చట్టంగా మార్చడానికీ అక్కర్లేదు. శాంతి కమిటీ మళ్లీ ముఖ్యమంత్రి గడప తొక్కితే, విజ్ఞాపనపత్రం ఇంట్లో పెట్టి, సంతకానికి సిద్ధంగా ఉన్న ముసాయిదా పట్టుకెళ్లాలి. సైబరాబాద్‌కు వచ్చే ఏ కంపెనీ ప్రతినిధీ అర్జీతో రాడు.

శంకరన్ 2010లో, పొత్తూరి 2020లో, గద్దర్ 2023లో వెళ్లిపోయారు. 2004లో ప్రభుత్వానికి ఎదురుగా కూర్చున్న ముగ్గురు మావోయిస్టు ప్రతినిధుల్లో రామకృష్ణ 2021 అక్టోబర్‌లో అడవిలో జబ్బుతో చనిపోయారు. శాంతి కమిటీ ముఖ్యమంత్రిని కలిసి ఎనిమిది వారాలు కాకముందే, 2025 జూన్ 5న సుధాకర్ బీజాపూర్ అడవుల్లో, జూన్ 18న గణేశ్ అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఎదురుకాల్పుల్లో మరణించినట్టు పోలీసులు ప్రకటించారు.