ఇస్కూలు, బేంకు, ఎకరం

పెంటపాడు కుర్రోడెవడన్నా ఫోన్లో "ఇస్కూలు కాడున్నా" అని తెలుగులో కొడితే, గ్రూపులో నలుగురు నవ్వే బొమ్మలు పెడతారు. ఆడు మర్నాటి నుంచి తెలుగులో రాయడమే మానేస్తాడు. నిజానికి ఆ రాతకో పద్ధతుంది.

తెలుగు మాట మామూలుగా అచ్చుతో ఆగుద్ది. అందుకే కారు, బల్బు, సెంటరు. మాట మొదట్లో సకారానికి ఇంకో హల్లు అతుక్కుంటే పాత నోళ్లకి తిరగదు. ముందు 'ఇ' పెడితే ఇస్కూలు, సకారం తీసేస్తే టేసను. స్పెయినోళ్లు కూడా ముందో 'ఎ' పెట్టుకుని బడిని 'ఎస్క్వేలా' అంటారు. అక్కడ అది పుస్తకాల్లో మాటే.

అసలు చిక్కంతా బ్యాంకు దగ్గరుంది. పేపర్లలో బ్యాంకు, మన గోదావరి వైపు పెద్దోళ్ల రాతలో బేంకు. ఏది రైటు? ఆ అచ్చు మన నోట్లో ఉంది గానీ అక్షరాల్లో లేదు. 'వచ్చాడు' అని రాసినా మనం పలికేది 'ఆ'కీ 'ఏ'కీ నడిమి చప్పుడు. కోస్తా పాత రాతల్లో 'వచ్చేడు' అని కనపడేది అందుకే. బేంకు, వచ్చేడు రెండూ ఒకే చెవి రాసినవి.

ఇంతకీ ఎకరం ఎవరిది? ఇంగ్లీషు మాటే! చివర 'అం' తగిలించుకుని పొలం పక్కన చేరిపోయింది. పొలాలు లాగే ఎకరాలు. గోదావరి కాలవల మీద లాకులూ అంతే. కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట (1847-52) కట్టాక కాలవలతో పాటు ఊళ్లల్లోకొచ్చిన మాట. వీటిని చూసి ఎవడన్నా నవ్వుతాడా? బ్రౌన్ దొరయితే 1854లోనే మిశ్రమ మాటలకీ, పరాయి మాటలకీ విడిగా ఓ నిఘంటువే వేశాడు.

ఆ దొరలు మాత్రం తక్కువ తిన్నారా? ఏలూరుని 'ఎల్లోర్', కొల్లేరుని 'కొలైర్' అని తమ చెవికి తోచినట్టు రాసుకుని గెజిటీర్లలో అచ్చేసుకున్నారు.

ఇప్పుడు కొల్లేరు చెరువుల మీద కొత్త మాటలు తిరుగుతున్నాయి. ఏరియేటర్లు, ఫీడు, 'వంద కౌంటు' (కిలోకి 100 రొయ్యలని). ఏరేటరా, ఏరియేటరా అన్నది ఇంకా కుదురుకోలేదు. చెరువు మీదోళ్లు ఎలా రాస్తే రేపు అదే నిలబడుద్ది.

ఒక్క జాగ్రత్త. దరఖాస్తుల్లో, పాసు పుస్తకాల్లో పేర్లు రికార్డులో ఎలా ఉంటే అలాగే రాయాలి, అక్కడ చెవి లెక్క చెల్లదు. ఊరి కబురు రాసేటప్పుడు మాత్రం ఊళ్లో అన్నట్టే రాయండి. బేంకు అని మొదలెడితే చివరిదాకా బేంకే ఉంచండి, వెతికేవోడికి దొరకాలి కదా.