పాలమూరు రోగి: చీటీ నుంచి కంప్యూటరు దాకా

జూరాల ప్రాజెక్టుకు చేరువలోని ఆత్మకూర్ ఒకనాడు అమరచింత సంస్థానానికి ముఖ్యపట్టణం. 2016లో వనపర్తి జిల్లాలో చేరేవరకూ అది మహబూబ్‌నగర్ జిల్లాలోనిదే. వలసకూలీల సీమగా పేరుపడ్డ ఆ పాలమూరులో రోగి చరిత్ర అంటే చాలాకాలం ఒక కాగితపు చీటీయే. మనిషి పనికోసం ఊరు దాటితే, చీటీ దగ్గర లేకపోతే, కొత్త వైద్యుడు అంతా మొదటినుంచి అడగవలసిందే.

2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ పథకం అనంతపురం, శ్రీకాకుళం జిల్లాలతోపాటు మహబూబ్‌నగర్‌లో మొదలయింది. తెల్లకార్డు కుటుంబానికి 1.5 లక్షల రూపాయలు, అవసరమైతే మరో 50 వేలు. ప్రాథమిక ఆరోగ్యకేంద్రంలో ఆరోగ్యమిత్ర దారి చూపేవాడు. ఆసుపత్రి పంపిన పరీక్షాఫలితాలను వైద్యులు కంప్యూటరులో చూసి అనుమతి ఇచ్చాకే శస్త్రచికిత్స; బిల్లుదీ అదే మార్గం. 2008 జులై నాటికి పథకం రాష్ట్రమంతటా విస్తరించింది. ఎందరికో అది ప్రాణదానమే. అయితే ఆ కంప్యూటరు అడిగినవి ముఖ్యంగా రెండు ప్రశ్నలు: ఈ జబ్బు జాబితాలో ఉన్నదా? ఖర్చెంత? పెద్దాసుపత్రి గడప తొక్కకముందు రోగి పడ్డ బాధకు అందులో చోటు తక్కువ.

అంతకు ముందే ఈ జిల్లా వేరొక లెక్కను చూసింది. ఎల్.వి.ప్రసాద్ నేత్రవైద్య సంస్థ 1996-2000 మధ్య హైదరాబాద్, పశ్చిమగోదావరి, ఆదిలాబాద్, మహబూబ్‌నగర్‌లలో 10,293 మందిని పరీక్షించింది. దాదాపు పదేళ్ళ తరువాత, పల్లెల్లోని ఆ మనుషులనే మళ్ళీ వెతుక్కుంటూ వెళ్ళింది. చూపు మందగించినవారిలో, శుక్లాలు ఉన్నవారిలో మరణాలు ఎక్కువని 2013లో ప్రచురించిన ఫలితాలు తెలిపాయి. ఒక్కసారి పరీక్షించి వదిలేస్తే ఈ సంగతి బయటపడేది కాదు. 2010లో ఆ సంస్థ ఐస్మార్ట్ అనే ఎలక్ట్రానిక్ రికార్డును ప్రవేశపెట్టింది. చికిత్సకోసం రాసుకున్న వివరమే పరిశోధనకూ ఆధారమయింది.

2021 సెప్టెంబరులో కేంద్రం ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్‌ను దేశమంతటా ప్రారంభించింది. 14 అంకెల ఆభా సంఖ్యతో, రోగి సమ్మతిస్తే, వివరాలు ఒక ఆసుపత్రి నుంచి మరొకదానికి వెళ్ళగలవు. వలసపోయే పాలమూరు కూలీకి ఇంతకన్నా అక్కరకొచ్చేది లేదు. కాని దేనికి సమ్మతిస్తున్నాడో అతనికి తన భాషలో చెప్పాలి. పరిశోధనకు వాడుకున్న వివరానికి బదులుగా అతని ఊరికి వైద్యం చేరాలి. చీటీ పోతుందన్న బెంగ తీరుతున్నది, తిరిగివచ్చి "ఇప్పుడెట్లున్నది?" అని అడిగే ఏర్పాటు మనమే చేసుకోవాలి.