కాలువ లాకుల దగ్గర లస్కరు, సర్వర్ వెనకాల బిల్డ్ స్క్రిప్టు

ఇవాళ్టి ఎపిసోడ్‌లో కంప్యూటర్ చరిత్ర చెప్పుకుందాం. కానీ మొదలుపెట్టేది మాత్రం మన ధవళేశ్వరం నుంచి.

కాటన్ దొర ఆనకట్ట 1852లో పూర్తయింది. ఆయన కింద పనిచేసిన వీణెం వీరన్న గారినీ మనం తలుచుకుంటాం. సరే, కట్టారు. మరి ఇన్నేళ్లుగా డెల్టాలో చివరి చేను దాకా నీళ్లు ఎలా వెళ్తున్నాయి? ఏటా వేసవిలో కాలువలు కట్టేసి పూడిక తీస్తారు, గట్లు బాగుచేస్తారు, గుర్రపు డెక్క లాగేస్తారు. లాకుల దగ్గర లస్కరు కాపలా ఉంటాడు. ఆయన పేరు మనలో ఎంతమందికి తెలుసు చెప్పండి?

సాఫ్ట్‌వేర్‌లోనూ ఇలాంటి లస్కరు ఉన్నాడు. ఆయనే బిల్డ్ స్క్రిప్టు చూసుకునే మనిషి.

ప్రోగ్రామర్ రాసిన కోడ్ చాలావరకు ఉన్నదున్నట్టు నడవదండీ. కంపైల్ చేయాలి, లైబ్రరీలు కలపాలి, టెస్టులు నడపాలి, ప్యాకేజీ కట్టాలి. ఏది ముందు, ఏది తర్వాత అని రాసిపెట్టిన ఫైలే బిల్డ్ స్క్రిప్టు.

1976లో బెల్ ల్యాబ్స్‌లో స్టువర్ట్ ఫెల్డ్‌మన్ ఈ పనికి ‘మేక్’ అనే టూల్ రాశాడు. అందులో కమాండ్ లైను ట్యాబ్‌తోనే మొదలవ్వాలి. స్పేస్ కొడితే ఎర్రర్! అది తప్పని ఆయనకి త్వరగానే తెలిసింది. కానీ అప్పటికే ఓ డజను మంది వాడుతున్నారు, వాళ్లని ఇబ్బంది పెట్టడం ఎందుకని వదిలేశాడు. ఆ డజను మంది కోసం వదిలేసిన ట్యాబ్ ఇవాళ్టికీ అందరినీ ఏడిపిస్తోంది.

తర్వాత టామ్‌క్యాట్ వచ్చింది. జావా వెబ్ సర్వర్. సన్ కంపెనీలో పనిచేసే జేమ్స్ డంకన్ డేవిడ్‌సన్ దాన్ని ఓపెన్ సోర్స్ చేసే పనిలో ఉన్నాడు. జావా ఎక్కడైనా నడుస్తుంది. కానీ మేక్‌ఫైల్ యూనిక్స్ కమాండ్ల మీద ఆధారపడుతుంది, విండోస్‌లో అవి ఉండవు. అంటే సర్వర్ అన్నిచోట్లా నడుస్తుంది గానీ, దాన్ని కట్టే పద్ధతి నడవదు! అందుకే జావాలోనే ‘యాంట్’ అనే చిన్న టూల్ రాసుకున్నాడు. 2000 జూలైలో అది విడిగా విడుదలైంది. పేరు చీమ, మోసింది మాత్రం పెద్ద పెద్ద ప్రాజెక్టుల్ని.

వాటిలో ఒకటి హడూప్. వందల కంప్యూటర్లని కలిపి ఒకేదానిలా పనిచేయించే సర్వర్ సాఫ్ట్‌వేర్, 2006లో మొదలైంది. ఇక్కడ మన తెలుగు పేరు కనిపిస్తుంది. హడూప్‌లో పనుల్ని పంచిపెట్టే ‘యార్న్’ గురించి 2013లో వచ్చిన పరిశోధన పత్రంలో మొదటి రచయిత వినోద్ కుమార్ వావిలపల్లి.

హడూప్ బిల్డ్ కథ మాత్రం కాలువ పూడికతీత లాంటిదే. మొదట యాంట్, తర్వాత మావెన్‌కి మార్చారు. కొంత సీ భాష కోడ్ కూడా ఉంది కాబట్టి దానికి సీమేక్. విండోస్ మీద నేరుగా నడిచే మద్దతు 2013లో 2.2 వెర్షన్‌తో వచ్చింది. ప్రోటోబఫ్ అనే లైబ్రరీ సరిగ్గా 2.5.0 ఉండాలి, వేరేది ఉంటే బిల్డ్ ఆగిపోయేది. ఏళ్ల తరబడి ఇదే గొడవ! 2020 జూలైలో 3.3.0 వచ్చినప్పుడే ఆ ముడి విప్పి 3.7.1కి మారారు. మీ ఫోన్లలో ఉండే ఆర్మ్ రకం చిప్‌లకి మద్దతు కూడా అదే విడుదలతో వచ్చింది. చూశారా, ఒక్క లైబ్రరీ మార్చడానికి ఎంత కాలం పట్టిందో.

మరి ఇదంతా పట్టించుకోకపోతే ఏమవుతుంది? 2024 మార్చి 29న ప్రపంచానికి తెలిసింది.

ఎక్స్‌జెడ్ అని ఫైళ్లని కుదించే చిన్న ప్రాజెక్టు ఉంది. చాలా లైనక్స్ సర్వర్లలో ఉంటుంది. దాన్ని చూసుకునే లాసె కొలిన్ అలసిపోయాడు. ఇది జీతం లేని హాబీ పని అని ముందే చెప్పుకున్నాడు. సాయం చేస్తానంటూ జియా టాన్ అనే పేరుతో ఒకరు వచ్చి, రెండేళ్లకి పైగా నమ్మకం సంపాదించి, దొంగ తలుపు పెట్టారు. ఎక్కడ పెట్టారో తెలుసా? బిల్డ్ స్క్రిప్టులో! అందరూ చూసే గిట్ కోడ్‌లో ఆ స్క్రిప్టు లైను లేదు, విడుదల ప్యాకేజీలో మాత్రమే ఉంది. సర్వర్‌లోకి లాగిన్ అవడానికి అర సెకను ఎక్కువ పడుతోందేంటని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు అనుమానించాడు కాబట్టి బయటపడింది. లేకపోతే ఎన్ని సర్వర్లు పోయేవో!

గట్టుకి గండి పడేది అందరూ చూసే చోట కాదండీ. ఎవరూ నడవని చోట పడుతుంది. కాపలా మనిషి ఒక్కడే అయ్యి, అతనూ అలసిపోతే, గండి పెట్టేవాడికి పని ఇంకా తేలిక.

అందుకే కాలేజీ పిల్లలకి ఒక్క మాట. ఓపెన్ సోర్స్‌లో ఎక్కడ మొదలెట్టాలని అడుగుతుంటారు కదా? కొత్త ఫీచర్ రాయక్కర్లేదు. నచ్చిన ప్రాజెక్టు తీసుకుని మీ ల్యాప్‌టాప్‌లో బిల్డ్ చేయండి. ఆగిపోతే ఏ మెషిన్, ఏ వెర్షన్, ఎక్కడ ఆగిందో రాసి పంపండి. ఆ ఒంటరి లస్కరుకి తోడుగా గట్టు మీద ఇంకో మనిషి నడిచినట్టే.

ఉంటానండీ. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.