వాలుపలకపై ట్రాక్టరు

ఏండ్ల తరబడి పొలమున చెక్కుచెదరక దున్నిన ట్రాక్టరు, ట్రెయిలరు నెక్కునపుడు క్షణములో తిరగబడుట కలదు. దీని వెనుక నొక చరిత్ర యున్నది.

19వ శతాబ్దపు ఇంగ్లండులో ఆవిరి దుక్కి యంత్రములు ఊరినుండి ఊరికి తామే నడచిపోయెడివి. రోడ్డు నెక్కిన యంత్రమునకు 60 గజములు ముందుగా ఎర్రజెండా పట్టిన మనిషి నడువవలెనని 1865 నాటి చట్టము శాసించెను. 1904లో కాలిఫోర్నియాలో బెంజమిన్ హోల్టు చక్రములకు బదులు గొలుసు పట్టాలు అమర్చి చూచెను. అవి మెత్తని నేలలో దిగబడవు. కాని రోడ్డును చెడగొట్టును. అందుచే అట్టి యంత్రములను ట్రెయిలరుపై తరలింపవలసి వచ్చినది. దానితో వాలుపలకయు, క్రొత్త ప్రమాదమును వచ్చినవి.

ఆ ప్రమాదమెట్టిదో 1917లో వెలువడిన ఫోర్డుసన్ ట్రాక్టరు పొలములోనే చూపినది. నాగలికి అడ్డు తగిలినపుడు ఒక్కొక్కసారి ముందు చక్రములు లేచి, యంత్రము వెనుకకు తిరగబడెడిది. వాలుపై నాగలియు అక్కరలేదు. ట్రాక్టరు బరువులో అధికభాగము వెనుక ఇరుసుపై నుండును. ముందుకెక్కించినచో అది మరింత వెనుకకు ఒరగును. వెనుకకు నడిపి ఎక్కించి, ముందుకు దించుటలోని మర్మమిదియే. ట్రెయిలరును లాగుబండికి తగిలించి, చక్రములకు అడ్డు పెట్టనిచో, వెనుక బరువు పడగానే దాని మూతియు లేచును.

స్వీడను 1959లో క్రొత్త ట్రాక్టర్లకు రక్షణచట్రము తప్పనిసరి చేసినది. ఆ చట్రము తిరగబడుటను ఆపదు. నడుపువాని ప్రాణము కాచును. తిరగబడకుండ చూచుట నేటికిని వాలుపలక ముందు నిలిచిన మనిషి పనియే.